మిద్దె మీద స్నాప్ బఠాణీ: గింజ నుంచి కాయ దాకా

మేడతోట (హైదరాబాద్) · అక్టోబరు 9

అందరికీ నమస్కారం. ఈ చలికాలం మిద్దె మీద స్నాప్ బఠాణీ పెంచాలనుకుంటున్నాను. తొక్కతో సహా కొరికి తినే రకం, కాయ గుండ్రంగా, లోపల గింజ నిండుగా ఉంటుంది కదా, అది. మా పాప వాటిని పచ్చివే తింటుంది. సూపర్ మార్కెట్లో చిన్న డబ్బాలలో పెట్టి అమ్ముతున్నారు కానీ సగం వాడిపోయి ఉంటున్నాయి, ధర కూడా ఎక్కువే.

రెండడుగుల పొడవు, అడుగు లోతు ఉన్న గ్రోబ్యాగులు నాలుగు ఖాళీగా ఉన్నాయి. ఉదయం నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఎండ తగులుతుంది. వంటింట్లో ఉన్న ఎండు బఠాణీలు వేస్తే సరిపోతుందా, వేరే విత్తనం కావాలా? నానబెట్టి వేయాలా? మన చలి వాటికి చాలుతుందా? అమెరికాలో ఉన్న మా చెల్లెలు విత్తనాల ప్యాకెట్లు పోస్టులో పంపుతానంటోంది. పంపమనమంటారా?

జీవశాస్త్రం_మాస్టారు (వరంగల్) · అక్టోబరు 9

మేడతోట గారూ, ముందు గింజ సంగతి తేల్చుకోవాలి. అక్కడ పొరపాటు జరిగితే మూడు నెలల శ్రమకు ఫలితం ఉండదు.

కిరాణా కొట్టులోని ఎండు బఠాణీ మొలుస్తుంది, పాకుతుంది, కాస్తుంది కూడా. కానీ ఆ కాయను తొక్కతో తినలేరు. మామూలు బఠాణీ కాయ ఒకటి ఒలిచి, తొక్క లోపలి వైపు గోటితో గీకి చూడండి. పలుచగా, బిరుసుగా ఒక పొర ఊడి వస్తుంది. ఎంత ఉడికించినా అది మెత్తబడదు. స్నో బఠాణీలోనూ స్నాప్ బఠాణీలోనూ ఆ పొర ఉండదు. ఈ రెంటికీ తేడా తొక్క మందంలో ఉంది. స్నో రకం తొక్క పలుచన, గింజ ఊరకముందే కాయ చదునుగా ఉన్నప్పుడు కోయాలి. స్నాప్ రకం తొక్క దళసరి, గింజ నిండిన తరువాత కూడా విరిస్తే ఫట్‌మని విరుగుతుంది, తొక్కా గింజా రెండూ తీపే.

పదో తరగతి పిల్లలకు మెండెల్ పాఠం చెప్పే ప్రతిసారీ ఈ కాయల ప్రస్తావన తెస్తాను. వంశపారంపర్యం మీద 1866లో ఆయన ప్రచురించిన పత్రంలోని ఏడు బఠాణీ లక్షణాలలో కాయ ఆకారం ఒకటి: ఉబ్బుగా ఉండే కాయ, గింజల మధ్య నొక్కుకుపోయే కాయ. ఆ నొక్కుకుపోయే కాయే పొర లేని కాయ. అది అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. అందుకే స్నో బఠాణీని మామూలు బఠాణీతో కలిపితే మొదటి తరం కాయలన్నిటికీ పొర ఉంటుంది, పొర లేనివి మనవల తరంలో కొన్ని మాత్రమే కనిపిస్తాయి. అమెరికాలోని ఐడహో రాష్ట్రం, ట్విన్ ఫాల్స్‌లో కాల్విన్ లాంబోర్న్ చేసింది ఈ పనే. దళసరి తొక్క ఉన్న ఒక బఠాణీ మొక్కను స్నో బఠాణీతో సంకరం చేసి, తరాల తరబడి ఏరుకుంటూ వచ్చి 'షుగర్ స్నాప్' అనే రకాన్ని సాధించాడు. 1979లో దానికి, కొత్త తోట రకాలను పరీక్షించే ఆల్ అమెరికా సెలెక్షన్స్ సంస్థ వారి బంగారు పతకం వచ్చింది. మీ పాప తినే కాయ వెనక అంత ఓపిక ఉంది.

ఫ్రీజర్‌లో దొరికే పచ్చి బఠాణీ మాత్రం మొలవనే మొలవదు. గడ్డకట్టించే ముందు వాటిని వేడినీళ్లలో ముంచి తీస్తారు.

న్యూజెర్సీ_పెరడు · అక్టోబరు 10

మాస్టారూ, మెండెల్ సంగతి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు.

మేడతోట గారూ, మీ చెల్లెలిని పోస్టులో పంపవద్దని చెప్పండి. విత్తడానికి వాడే గింజలు భారతదేశంలోకి రావాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి ఉండాలి, పంపే దేశం ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమూ ఉండాలి. కవరులో పెట్టి పంపితే అవేవీ ఉండవు. విత్తనం వెంట వైరస్‌లు, తెగుళ్లు వచ్చే ప్రమాదం నిజమైనదే. మన ఇంటి నాలుగు సంచుల కోసం పక్క ఊరి రైతుల పంటకు ముప్పు తేకూడదు.

రకాల విషయానికి వస్తే, 'షుగర్ స్నాప్' ఆరడుగులకు పైగా పాకుతుంది, కోతకు ఆలస్యంగా వస్తుంది, బూడిద తెగులుకు తేలికగా లొంగుతుంది. మాకు ఇక్కడ వసంతం పొడవుగా ఉంటుంది కాబట్టి సరిపోతుంది. మీకు పొట్టి రకమే మేలు. 'షుగర్ ఆన్' రెండడుగుల ఎత్తులో ఆగిపోతుంది, పెద్ద రకం కంటే వారం పది రోజులు ముందు కాస్తుంది. దానికీ 1984లో అదే సంస్థ బహుమతి వచ్చింది. భారతదేశంలోనే ప్యాకెట్లు అమ్మే విత్తన దుకాణాలు ఉన్నాయి. ప్యాకెట్ మీద బొమ్మ చూడండి, కాయ గుండ్రంగా ఉంటే స్నాప్, చదునుగా ఉంటే స్నో. ప్యాక్ చేసిన సంవత్సరం కూడా చూడండి. బఠాణీ గింజ చల్లని, పొడి చోట రెండు మూడేళ్లు బాగానే నిలుస్తుంది, ఎండలో ఉన్న కొట్టులో అంతకాలం నిలవదు.

హెసరఘట్ట_దారి (బెంగళూరు) · అక్టోబరు 10

మనవాళ్లు తయారు చేసిన రకాలనూ మరచిపోవద్దు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ 'అర్క సంపూర్ణ' అనే రకాన్ని తొక్కతో తినడానికే విడుదల చేసింది. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి 'మిఠీ ఫలీ' కూడా అలాంటిదే. 'ఆర్కెల్', 'బోన్‌విల్', 'అర్క అజిత్' పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి కానీ అవి ఒలుచుకుని గింజ తినే రకాలు. పేరులో అర్క ఉంది కదా అని ఏదో ఒకటి కొనేయకండి.

ఇంకొక జాగ్రత్త. నర్సరీలలో 'స్వీట్ పీ' అని పూల విత్తనాలు అమ్ముతారు. అది వేరే మొక్క, పూల కోసం పెంచేది, దాని కాయా గింజా విషపూరితం. పిల్లలున్న ఇంట్లో ఈ రెండు ప్యాకెట్లూ ఒకే డబ్బాలో పెట్టవద్దు.

కందికంప (ఆదిలాబాద్) · అక్టోబరు 10

మాకు డిసెంబరు, జనవరిలో రాత్రి చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది, బఠాణీ సంతోషంగా కాస్తుంది. హైదరాబాద్‌లో అంత చలి ఉండదు, అయినా కాస్తుంది. ఇక్కడ చలి కావలసింది మొలకకు కాదు, పూతకు. పగటి ఎండ 30 డిగ్రీలకు చేరితే పూత రాలుతుంది, నిలిచిన పిందెలో గింజలు సరిగా కట్టవు. అందుకని గింజ వేసే రోజును పూత వచ్చే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

మీ ఊళ్లో డిసెంబరులో పగలు 28 డిగ్రీలకు, రాత్రి 15కు అటూ ఇటూగా ఉంటుంది. ఏడాదిలో అంతకంటే చల్లని కాలం మీకు లేదు. పూత ఆ నెలలో పడాలి. పొట్టి రకం గింజ వేసిన ఆరు వారాలకు పూతకు వస్తుంది, పూసిన మూడు వారాలకు కాయ కోతకు వస్తుంది. అంటే అక్టోబరు మూడో వారం నుంచి నవంబరు మొదటి వారం లోపల గింజ పడాలి. అంతకుముందే తొందరపడితే వానలకు గింజ కుళ్లుతుంది, వేడి మట్టిలో మొలక నీరసంగా వస్తుంది. డిసెంబరులో వేస్తే పూత వచ్చేసరికి ఫిబ్రవరి ఎండలు మొదలవుతాయి. నాలుగు సంచులూ ఒకే రోజు వేయకుండా రెండు ముందు, రెండు పది రోజులు ఆగి వేయండి.

బెజవాడ_బాల్కనీ · అక్టోబరు 11

మరి మా విజయవాడ మాటేమిటి? డిసెంబరు నెలలోనూ పగలు 29, 30 ఉంటుంది. రాత్రి కూడా 18, 19 కంటే తగ్గదు. మాకు ఆశ ఉందా లేదా, మొహమాటం లేకుండా చెప్పండి.

కందికంప (ఆదిలాబాద్) · అక్టోబరు 11

మొహమాటం లేకుండానే చెబుతాను. కూరకు సరిపడా రాదు. నవంబరు మధ్యలో వేసి, పూత డిసెంబరు చివర, జనవరి మొదటి రోజుల్లో పడేటట్లు చూసుకుంటే పిల్లలు కోసుకుని తినడానికి గుప్పెడు కాయలు వస్తాయి. కుండీలు తూర్పు ముఖంగా, మధ్యాహ్నం ఎండ తగలని చోట పెట్టుకోండి. మీకు చలికాలం చిక్కుడు బ్రహ్మాండంగా కాస్తుంది. సంచులు తక్కువగా ఉంటే వాటిని చిక్కుడుకే ఇవ్వమంటాను.

విశాఖ_పెరటిగుమ్మం · అక్టోబరు 11

నేను ఇక్కడ విభేదిస్తాను. చిక్కుడు ఉంది కాబట్టి బఠాణీ వద్దనడం సరికాదు. పెరటి తోట కిలోల లెక్క కోసం మాత్రమే కాదు. పిల్లలు తీగ నుంచి తెంపుకుని తినే కాయలు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? చిక్కుడు పచ్చిది తినలేరు, బెండ అందరికీ నచ్చదు. గుప్పెడు కాయలైనా ఆ పిల్లలకు తోట మీద మనసు కుదురుతుంది. బెజవాడ గారూ, ఒక్క కుండీ అయినా వేయండి. చదునుగా ఉన్నప్పుడే కోసే స్నో రకం ఇంకా మంచిది. గింజ ఊరేదాకా ఆగనక్కరలేదు కాబట్టి ఎండ ముదిరేలోపు నాలుగు కాయలు ఎక్కువ దక్కుతాయి.

అరకు, లంబసింగి వైపు బంధువులున్నవాళ్లు అక్కడ పెరట్లో వేయించి చూడండి. వెయ్యి మీటర్లకు అటూ ఇటూ ఉన్న ఆ ఎత్తులో చలి పొడవుగా ఉంటుంది.

మేడతోట (హైదరాబాద్) · అక్టోబరు 12

ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. అక్టోబరు 20 తరువాత మొదటి రెండు సంచులు వేస్తాను. మట్టి ఏమి కలపాలి, నానబెట్టాలా వద్దా, ఈ రెండూ ఇంకా మిగిలాయి.

మదనపల్లె_తోటమాలి · అక్టోబరు 12

మట్టి: సగం ఎర్రమట్టి, పావు వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, పావు వంతు కొబ్బరిపొట్టు. సంచికి గుప్పెడు వేపపిండి, గుప్పెడు ఎముకల పొడి. కొబ్బరిపొట్టు ఎక్కువైతే పై మట్టి పొడిగా కనిపిస్తూ అడుగున చెమ్మ నిలిచిపోతుంది, బఠాణీ వేరుకు అది పడదు. యూరియా దగ్గరికి రానివ్వకండి. నత్రజని ఎక్కువైతే తీగ పచ్చగా, ఏపుగా పెరుగుతుంది, పూత మాత్రం వెనకబడుతుంది.

రైజోబియం (వేరు బుడిపెలలో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవి) పట్టిస్తే ఇంకా మంచిది, కానీ ఏ రైజోబియం అన్నది చూసుకోవాలి. వేరుశనగకు, కందికి, పెసరకు ఇచ్చే ప్యాకెట్ బఠాణీకి పనికిరాదు. బఠాణీ, మసూర్ పప్పు, బాకలా చిక్కుడు, ఈ మూడింటికీ ఒకే జాతి సూక్ష్మజీవి పనిచేస్తుంది. మన మిద్దెల మీది మట్టిలో బఠాణీ ఎన్నడూ పండి ఉండదు కాబట్టి అది సహజంగా లేకపోవచ్చు. కృషి విజ్ఞాన కేంద్రంలో 'బఠాణీకి' అని స్పష్టంగా అడగండి. బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లార్చి, పొడి కలిపి, గింజలకు పట్టించి నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాలి. దొరకకపోతే దిగులు పడకండి, మాగిన ఎరువుతోనూ మొక్క బాగానే పెరుగుతుంది.

నానబెట్టడం తప్పనిసరి. రాత్రి నానబెట్టి, ఉదయం తడి గుడ్డలో మూటకట్టి, మొలక తెల్లగా కనిపించగానే విత్తండి. మా నాన్నగారు అలాగే వేసేవారు.

న్యూజెర్సీ_పెరడు · అక్టోబరు 12

మదనపల్లె గారి మట్టి కొలతలన్నీ ఒప్పుకుంటాను. నానబెట్టడం తప్పనిసరి అన్నది మాత్రం ఒప్పుకోలేను. స్నాప్ బఠాణీ గింజలు ముడతలు పడి ఉంటాయి, పిండి తక్కువ, చక్కెర ఎక్కువ. ఎండి ఉన్న గింజ ఒక్కసారిగా నీళ్లు పీల్చుకుంటే లోపలి కణాల పొరలు దెబ్బతిని చక్కెర బయటికి కారుతుంది, దానికి బూజు చేరుతుంది. నీళ్లు చల్లగా ఉంటే ఈ నష్టం మరీ ఎక్కువ. మేము ఇక్కడ మార్చి మధ్యలో, నేల ఇంకా చల్లగా ఉన్నప్పుడే వేస్తాం. నానిన గింజ ఆ మట్టిలో కుళ్లిపోతుంది, ఎండు గింజ కాస్త ఆలస్యంగానైనా లేస్తుంది.

మదనపల్లె_తోటమాలి · అక్టోబరు 13

మీ నేల మార్చిలో ఏడెనిమిది డిగ్రీలు ఉంటుంది. మా నేల అక్టోబరులో పాతికకు దగ్గర. పైగా పై అంగుళం మట్టి మధ్యాహ్నానికే ఎండిపోతుంది. ఎండు గింజ వేస్తే సగం నాని సగం ఎండి చచ్చిపోతుంది. అందుకే మొలక కట్టి వేయాలంటున్నాను.

జీవశాస్త్రం_మాస్టారు (వరంగల్) · అక్టోబరు 13

ఇద్దరి మాటా ఎవరి నేలకు వారిది సరైనదే. మేడతోట గారికి నా సలహా ఇది: గింజలను నీళ్లలో ముంచి ఉంచకండి. తడి గుడ్డలో చుట్టి రాత్రంతా గది వేడిమిలో ఉంచితే చెమ్మను నిదానంగా పీల్చుకుంటాయి, పగలవు. ముంచాలనే అనుకుంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు, 24 గంటలు దాటనివ్వకండి. ముందుగా పది గింజలు గుడ్డలో వేసి చూస్తే ప్యాకెట్ విత్తనం బతికి ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.

గులాబీ రంగు పూసిన గింజలు వస్తే అవి మందు పట్టించినవి. నానబెట్టవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు.

అంగుళం లోతు, గింజకు గింజకు రెండు మూడు అంగుళాల ఎడం. నారు పోసి నాటడం కంటే నేరుగా సంచిలో వేయడమే మంచిది, బఠాణీ వేరు కదిలిస్తే ఆగిపోతుంది. వేసిన రోజు బాగా తడిపి, మొలక లేచేదాకా పైపైన చిలకరించండి.

కందికంప (ఆదిలాబాద్) · అక్టోబరు 14

పందిరి సంగతి ఎవరూ ఎత్తలేదు. గింజ వేసిన రోజే ఊతం పెట్టేయండి, తరువాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. వెదురు కర్రలు ఒక్కటే గుచ్చితే సరిపోదు. బఠాణీ పాకేది కాండంతో కాదు, ఆకు చివర ఉండే నులితీగలతో. ఆ నులితీగ సన్నని దాన్నే చుట్టుకోగలదు, బొటనవేలంత లావు కర్ర దానికి అందదు. మేము ఎండిన కందికంప గుచ్చుతాం. దాని సన్న కొమ్మలు నులితీగలకు సరిగ్గా సరిపోతాయి, పంట అయ్యాక కంపతో సహా తీసి పొయ్యిలో పెట్టుకోవచ్చు. పట్నంలో కంప దొరకకపోతే రెండు కర్రల మధ్య జనపనార తాడు నాలుగు వేళ్ల ఎడంతో అడ్డంగా నిలువుగా కట్టండి. పొట్టి రకానికి కూడా ఇది కావాలి. ఊతం లేకుండా నిలబడుతుందని ప్యాకెట్ మీద రాస్తారు కానీ కాయ బరువుకు మొక్క వాలి నేల తగులుతుంది, తగిలిన చోట కుళ్లు మొదలవుతుంది.

మేడతోట (హైదరాబాద్) · నవంబరు 3

మొదటి రెండు సంచులలో మొలకలు బాగా లేచాయి, నాలుగేసి ఆకులు వచ్చాయి. ఈ రోజు ఉదయం చూస్తే ఒక సంచిలో చాలా మొక్కల తలలు లేవు, మట్టి మీద మోడులు మాత్రం మిగిలాయి. పావురాలు మిద్దె మీద తిరుగుతున్నాయి, వాటి పనే అయి ఉండాలి. తీసేసి మళ్లీ వేయనా?

జీవశాస్త్రం_మాస్టారు (వరంగల్) · నవంబరు 3

పీకవద్దు! చిక్కుడుకు వచ్చినట్లు బఠాణీ గింజ బద్దలు మట్టి పైకి రావు, లోపలే ఉండిపోతాయి. కింది కణుపుల దగ్గర నిద్రాణంగా మొగ్గలు ఉంటాయి. పై చిగురు పోతే అవి మేలుకుని పక్క కొమ్మలు వేస్తాయి, గింజ బద్దలలో మిగిలిన ఆహారం వాటికి అందుతుంది. ఒక వారం చూడండి. సంచి మీద ఈ రోజే వల కప్పండి, మొక్క జానెడు ఎదిగేదాకా తీయకండి. వల బిగుతుగా కట్టాలి, వదులుగా ఉంటే పిట్టల కాళ్లు చిక్కుకుంటాయి.

డాలస్_తోటకూర · నవంబరు 4

మాకు పావురాల బదులు కుందేళ్లు. పెరడంతా కంచె వేయలేక, సంచి చుట్టూ రెండడుగుల ఎత్తు ఇనుప జాలీ చుట్టేస్తాం.

మా వాతావరణం హైదరాబాద్‌కు దగ్గరగా ఉన్నట్లు అనిపిస్తుంది కానీ తలకిందులు. ఫిబ్రవరిలో వేస్తాం, మే నెల ఎండకు అంతా ముగిసిపోతుంది. మంచు పడినా ఆకుకు ఫరవాలేదు, పూతకూ పిందెకూ మాత్రం దెబ్బ తగులుతుంది. కొత్తగా ఇటు వచ్చిన తెలుగువాళ్లు ఏప్రిల్‌లో నర్సరీకి వెళ్లి బఠాణీ నారు కొంటుంటారు. ఇక్కడికి అది ఆలస్యం. ఏప్రిల్‌లో కొనదలిస్తే గోరుచిక్కుడు, బెండ విత్తనాలు కొనమని చెబుతాను.

మేడతోట (హైదరాబాద్) · నవంబరు 14

మాస్టారూ, మీరన్నట్లే మోడుల పక్క నుంచి రెండేసి చిగుళ్లు వచ్చాయి. తొందరపడి పీకి ఉంటే సంచి ఖాళీ అయ్యేది. మిగిలిన రెండు సంచులకు ముందే వల కప్పాను.

మేడతోట (హైదరాబాద్) · డిసెంబరు 8

తెల్లని పూలు వచ్చాయి. కానీ రెండు సందేహాలు. కింది ఆకుల మీద తెల్లని గీతలు వంకరటింకరగా తిరుగుతున్నాయి. ఇంకొక సంచిలో ఆకుల పైన పిండి చల్లినట్లు మచ్చలు. అలాగే మిద్దె మీదికి తేనెటీగలు పెద్దగా రావు, బ్రష్‌తో నేనే పుప్పొడి అంటించాలా?

మదనపల్లె_తోటమాలి · డిసెంబరు 8

వంకర గీతలు పాముపొడ. ఆకు పొరల మధ్య చిన్న పురుగు తొలుచుకుంటూ పోయిన దారి అది. పైన ఏ మందు చల్లినా లోపల ఉన్న పురుగుకు సరిగా అందదు. అలాంటి ఆకులు కోసి సంచిలో మూటకట్టి పారేయండి, నాలుగైదు ఆకులు పోయినా కాపుకు నష్టం లేదు.

పిండి చల్లినట్లున్నది బూడిద తెగులు. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా, గాలి ఆడకుండా ఉంటే పాకుతుంది. ముందు మొక్కల మధ్య గాలి ఆడేటట్లు కింది ఆకులు తీసేయండి. ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఉదయం ఎండలో ఆకులు తడిసేటట్లు చల్లండి, వారానికోసారి. ఇంకా పాకితే లీటరు నీటికి మూడు గ్రాముల నీటిలో కలిసే గంధకం. ఒక హెచ్చరిక: వేపనూనె చల్లిన రెండు వారాల లోపు గంధకం చల్లితే ఆకులు మాడిపోతాయి. రెంటిలో ఒకటే ఎంచుకోండి. గంధకం చల్లిన తరువాత ప్యాకెట్ మీద రాసినన్ని రోజులు ఆగి, కాయలు కడిగి తినండి.

పేనుబంక ఇప్పటికి లేకపోయినా వస్తుంది, చిగుళ్ల కింద చూస్తూ ఉండండి. మొదట్లోనే గట్టిగా నీళ్లు కొడితే రాలిపోతుంది.

హెసరఘట్ట_దారి (బెంగళూరు) · డిసెంబరు 8

బ్రష్ అవసరం లేదు. బఠాణీ పువ్వు విచ్చుకునేలోపే లోపల పరాగ సంపర్కం జరిగిపోతుంది. పూత రాలుతుంటే తేనెటీగల లోపం అనుకోకండి, వేడి గానీ నీటి ఎద్దడి గానీ కారణం.

ఇప్పటి నుంచి కాయ నిండేదాకా మట్టి ఎండనివ్వకూడదు. మిద్దె గచ్చు మధ్యాహ్నం బాగా వేడెక్కుతుంది, నల్ల సంచులైతే వేరు కాగిపోతుంది. సంచుల కింద ఇటుకలు పెట్టి గచ్చు నుంచి ఎత్తండి, మట్టి మీద రెండంగుళాల మందం ఎండుటాకులు పరవండి. నీళ్లు ఉదయమే, మొక్క మొదలు దగ్గర పోయండి. సాయంత్రం ఆకులు తడిపితే తెగుళ్లు ఎక్కువవుతాయి.

బెజవాడ_బాల్కనీ · డిసెంబరు 29

మా కుండీలో పూత మొదలైంది. కొంత రాలుతోంది, కొంత నిలుస్తోంది. తూర్పు బాల్కనీలో ఉన్నది నిలుస్తోంది, పడమటి వైపు పెట్టినది దాదాపు అంతా రాలిపోయింది. ఒకే రోజు వేసిన గింజలు, ఒకే మట్టి. మధ్యాహ్నం ఎండ ఎంత తేడా చేస్తుందో కళ్లారా చూశాను. విశాఖ గారూ, మీ మాట విని వేసినందుకు సంతోషంగా ఉంది.

మేడతోట (హైదరాబాద్) · జనవరి 2

కాయలు వస్తున్నాయి! ఎప్పుడు కోయాలో చెప్పండి. కొన్ని చదునుగా ఉన్నాయి, కొన్ని ఉబ్బాయి.

న్యూజెర్సీ_పెరడు · జనవరి 2

ఉబ్బినవి కోయండి. గింజలు నిండి కాయ గుండ్రంగా అయినప్పుడే స్నాప్ బఠాణీకి పూర్తి తీపి వస్తుంది. చదునుగా ఉన్నప్పుడు కోస్తే గడ్డి రుచి. మరీ ఆగితే కాయ రంగు పాలిపోయి, పైన గింజల గుర్తులు ముడతలుగా తేలుతాయి. అప్పుడు తొక్క పీచు పీచుగా ఉంటుంది, ఒలిచి గింజలు తినడానికి వాడుకోవచ్చు.

ఒక చేత్తో తీగ పట్టుకుని, రెండో చేత్తో కాయ తెంపండి. ఊరికే లాగితే తీగంతా ఊడి వస్తుంది. రోజు విడిచి రోజు తప్పకుండా కోయాలి. ఒక్క కాయ ముదిరి గింజ గట్టిపడినా, మొక్క తన పని అయిపోయిందన్నట్లు పూత తగ్గించేస్తుంది. కోసిన దగ్గర నుంచి చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది కాబట్టి వెంటనే తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. మీరు కొన్న డబ్బాలో కాయలు చప్పగా ఉండటానికి కారణం అదే.

విశాఖ_పెరటిగుమ్మం · జనవరి 3

పాప తిన్నాక మిగిలితే కూర చేయండి. చిక్కుడుకు తీసినట్లు తొడిమ విరిచి ఈనె లాగండి, కొన్ని రకాలకు రెండు వైపులా ఈనె ఉంటుంది. కాయలు కోయకుండా అలాగే ఉంచి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాలు తిప్పి, ఉప్పు, పచ్చికొబ్బరి తురుము చల్లి దించేయాలి. మూత పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. మన అలవాటు కొద్దీ మెత్తగా ఉడికిస్తే ఆ కరకర పోతుంది, ఇంత కష్టపడి పెంచినది ఆ కరకర కోసమే కదా. నానబెట్టిన పెసరపప్పు కొంచెం కలిపినా బాగుంటుంది.

మేడతోట (హైదరాబాద్) · జనవరి 24

తాలింపు కూర ఇంట్లో అందరికీ నచ్చింది. పాప రోజూ బడి నుంచి రాగానే నేరుగా మిద్దె మీదికి వెళ్తోంది. ఆలస్యంగా వేసిన రెండు సంచులు ఇప్పుడు కాపులో ఉన్నాయి, ముందు వేసినవి కింది నుంచి పసుపు రంగు తిరుగుతున్నాయి. వచ్చే ఏడాదికి విత్తనం దాచుకోవచ్చా? హైబ్రిడ్ అయితే పనికిరాదంటారు కదా.

జీవశాస్త్రం_మాస్టారు (వరంగల్) · జనవరి 24

దాచుకోవచ్చు. ఇంటి తోటకు అమ్మే బఠాణీ రకాలు హైబ్రిడ్‌లు కావు, స్వపరాగ సంపర్కం కాబట్టి తల్లి మొక్క లక్షణాలే పిల్లకు వస్తాయి. బూడిద తెగులు తక్కువగా సోకిన, బాగా కాసిన రెండు మూడు మొక్కలను ఎంచుకుని వాటి మీద కాయలు కోయడం ఆపేయండి. తాడు ముక్క కట్టి గుర్తు పెట్టుకోండి, లేకపోతే పాప కోసేస్తుంది. కాయ గోధుమ రంగుకు మారి, ఊపితే గింజ గలగలలాడే దాకా తీగ మీదే ఎండాలి. ఒలిచి, నీడలో ఇంకొక వారం ఆరబెట్టి, గింజను గోటితో నొక్కితే నొక్కు పడకపోతే సీసాలో పోయండి. పుచ్చు పురుగు గుడ్లు గింజలో ఉండవచ్చు కాబట్టి సీసాను మూడు నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, తీశాక మూత తెరవకుండా గది వేడిమికి రానిచ్చి, తరువాత ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. సీసా మీద రకం పేరు, సంవత్సరం రాయండి.

మదనపల్లె_తోటమాలి · జనవరి 25

ముగిసిన మొక్కలను పీకకుండా మొదలుకు కోయండి, వేళ్లు మట్టిలోనే ఉండనివ్వండి. వేరు బుడిపెలలో నత్రజని బోలెడు మిగులుతుందని చాలామంది అంటారు. నిజానికి అందులో ఎక్కువ భాగం కాయలలోకే వెళ్లిపోతుంది, మట్టికి దక్కేది కొద్దిగా మాత్రమే. అందుకని సంచికి రెండు దోసిళ్ల వర్మీకంపోస్టు మళ్లీ కలపాలి. ఒక వేరు తవ్వి బుడిపెను కోసి చూడండి, లోపల గులాబీ రంగు ఉంటే సూక్ష్మజీవి పనిచేసినట్లు. బూడిద తెగులు సోకిన తీగలను ఎరువు గుంటలో వేయవద్దు.

ఆ సంచులలో ఇప్పుడు తోటకూర, బెండ వేసుకోవచ్చు. చిక్కుడు జాతి మాత్రం వెంటనే వద్దు.

బెజవాడ_బాల్కనీ · జనవరి 26

మాస్టారూ, వేరును కోసి చూశాను, రైజోబియం పట్టించకపోయినా బుడిపెలు కొన్ని ఉన్నాయి, కానీ లోపల గులాబీ రంగు లేదు, ఆకుపచ్చగా ఉంది. దాని అర్థం ఏమిటి?

జీవశాస్త్రం_మాస్టారు (వరంగల్) · జనవరి 26

గులాబీ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థానిది. మొక్క ముసలిదయ్యాక అది విరిగి ఆకుపచ్చగా మారుతుంది. మీ మొక్క కాపు అయిపోయిన దశలో ఉంటే అది సహజమే. పూత సమయంలో తవ్వి చూస్తేనే సరిగ్గా తెలుస్తుంది, కానీ దానికి ఒక మొక్కను వదులుకోవాలి. వచ్చే నవంబరులో కుండీలో రెండు గింజలు అదనంగా వేసి, వాటిలో ఒకదాన్ని పూతలో పీకి చూడండి. అప్పుడు కూడా లోపల తెల్లగా ఉంటే బఠాణీకి తగిన రైజోబియం తెచ్చుకోవలసిందే.